వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా తుమ్ములే: మాత్ర, చుక్కలు, ఇంజెక్షన్, ఆపరేషన్... ముందు ఏది?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు క్లుప్తంగా చెప్తాను. మీకు 29 ఏళ్లు, సొంతూరు కరీంనగర్ దగ్గర, నాలుగేళ్లుగా కొండాపూర్‌లో ఉద్యోగం. రెండేళ్ల నుంచి వినాయక చవితి వెళ్లగానే మొదలై సంక్రాంతి దాకా పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు, ముక్కు నీళ్లలా కారడం, కళ్లూ అంగిలీ దురద, రాత్రి ముక్కు దిబ్బడేసి నోటితో ఊపిరి. మాంటెలుకాస్ట్, లీవోసిట్రిజిన్ కలిపిన మాత్ర రోజూ వేస్తున్నారు, అది పనిచేయక పడుకునే ముందు ముక్కులో చుక్కల మందు వేయడం మొదలుపెట్టి మూడు నెలలైంది. రక్త పరీక్షలో ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ) 900 వచ్చింది. ఒకరు ముక్కు దూలం వంకరగా ఉంది ఆపరేషన్ చేయాలన్నారు, మీ బావగారు ‘ఒక్క ఇంజెక్షన్ వేయించుకో, సీజనంతా హాయి’ అంటున్నారు. వచ్చే ఎండాకాలంలో డాలస్ వెళ్తున్నారు, అక్కడికి వెళ్తే ఇదంతా పోతుందా అని చివరి ప్రశ్న.

నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని, ఏటా ఈ నెలల్లో మా ఓపీ సగం మీలాంటివాళ్లతోనే నిండుతుంది. సూటిగా చెప్పాలంటే మీది ముక్కు అలర్జీ, ఆపరేషన్ ఇప్పుడు వద్దు, ఇంజెక్షన్ అసలే వద్దు, చుక్కల మందు ఆపాలి. మీరు పట్టించుకోని వస్తువు ఒకటుంది, స్టెరాయిడ్ స్ప్రే. ‘ఒకసారి వాడాను, పనిచేయలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు దాన్ని. మీ సమస్యకు మందులు చాలకపోవడం కారణం కాదండీ, ఏ మందు దేనికి, ఎప్పుడు, ఎలా అన్నది తారుమారైంది, అంతే.

లోపల జరిగేది తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. కొందరి ఒంట్లో పుప్పొడి లాంటి అపకారం చేయని పదార్థానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలు తయారవుతాయి. అవి ముక్కు పొరల్లోని మాస్ట్ కణాలకు అంటుకుని కూర్చుంటాయి. ఆ పుప్పొడి మళ్లీ తగలగానే నిమిషాల్లో ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనం వదులుతాయి. తుమ్ములు, దురద, నీళ్లు కారడం అప్పుడు వస్తాయి. కథ అక్కడితో అయిపోదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో విడత వాపు వస్తుంది, ఇయోసినోఫిల్ లాంటి తెల్లరక్త కణాలు వచ్చి చేరతాయి, పొరలు ఉబ్బుతాయి, ముక్కు మూసుకుపోతుంది. సిట్రిజిన్ జాతి మాత్రలు హిస్టమిన్‌ని అడ్డుకుంటాయి కాబట్టి మొదటి విడతకు బాగా పనిచేస్తాయి, రాత్రి దిబ్బడకు అంతంతమాత్రం. ఆ వాపును దించేది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. పైగా సీజన్ సాగేకొద్దీ ముక్కు మరీ సున్నితమైపోతుంది, సెప్టెంబరులో ఇబ్బంది పెట్టనంత కొద్దిపాటి పుప్పొడి కూడా నవంబరులో, కమిలిన చర్మం మీద కారం పడ్డట్టు, చురుక్కుమనిపిస్తుంది. అందుకే దీపావళి నాటికి మీకు అగరొత్తి పొగ, పోపు ఘాటు, లిఫ్టులో ఎవరో కొట్టుకున్న సెంటు కూడా పడటం లేదు. వాటన్నిటికీ మీకు అలర్జీ ఉందని కాదు దానర్థం.

ఇక నేరస్తుడు ఎవరు? జనం అనుమానం ఎప్పుడూ కంటికి కనిపించే పూల మీద పడుతుంది. బంతి, చామంతి, గులాబీ లాంటివి పురుగుల కోసం పూసే పూలు, వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో పెద్దగా ఎగరదు. మనల్ని ఏడిపించేవి ఎక్కువగా ఎవరూ తలెత్తి చూడని మొక్కలు: గరిక లాంటి గడ్డిజాతులు, ముళ్ల తోటకూర, ఆముదం, సరుగుడు, నెమలినార, సర్కారు తుమ్మ. వీటన్నిటికంటే మీ విషయంలో నాకు ముందు అనుమానం వయ్యారిభామ (పార్థీనియం) మీదే. రోజూ ఆరింటికి ఖాళీ ప్లాట్ల పక్క రోడ్డు మీద జాగింగ్ చేస్తానని రాశారు కదా, ఆ ప్లాట్లలో మోకాలెత్తున తెల్లటి చిన్న చిన్న పూలతో, క్యారెట్ ఆకుల్లాంటి ఆకులతో పెరిగేది అదే. 1950లలో పుణె దగ్గర మొదట కంటబడింది, అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో వచ్చిందంటారు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, వానలు పడ్డాక నెలా నెలన్నరలో పూతకొస్తుంది. మీ క్యాలెండరుకు ఇది సరిగ్గా సరిపోతుంది. దాన్ని పీకే పని మాత్రం మీరు పెట్టుకోకండి. ముట్టుకుంటే చర్మం మీద దద్దుర్లు, దురద కూడా వస్తాయి. కాలనీ వాళ్లతో పూత రాకముందే, అంటే జులై, ఆగస్టుల్లోనే, చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకుని వేళ్లతో సహా పీకించండి. పూత వచ్చాక కదిలిస్తే ఆ పుప్పొడంతా గాలిలోకి లేస్తుంది.

కోనోకార్పస్ చెట్టు గురించి కూడా అడిగారు. తెలంగాణలో ఒకప్పుడు రోడ్ల మధ్య వరసగా నాటి, తర్వాత ఇక నాటొద్దన్నారు, గుజరాత్ 2023లో నిషేధించింది. అది అలర్జీలు తెస్తుందా లేదా అన్న గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. నా మాట అడిగితే, మీ ఇంటి ముందు ఆ చెట్టు ఉన్నంత మాత్రాన మీ తుమ్ములన్నీ దాని ఖాతాలో వేయకండి. విశాఖలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది, 2014 హుద్‌హుద్ తర్వాత నీడ కోసం నాటిన ఏడాకుల పాల చెట్లు చలికాలం మొదట్లో పూస్తే ఆ ఘాటుకి తలనొప్పి, ఊపిరాడటం లేదని జనం గోల పెడతారు. ఘాటు వాసన ముక్కును రేపడం వేరు, అలర్జీ వేరు. గుంటూరు మిర్చి యార్డులో ఎవరైనా తుమ్ముతారు, వాళ్లందరికీ మిర్చి అలర్జీ అంటామా?

పుప్పొడి వల్లే ఈ బాధ అని రుజువు చేసినది చార్లెస్ బ్లాక్లీ అనే మాంచెస్టర్ డాక్టరు. ఆయనకూ ఇదే జబ్బు. పుప్పొడిని తన ముక్కులోనే పెట్టుకుని పరీక్షించాడు, పైన గాలిలో ఎంత ఉందో చూడటానికి జిగురు పూసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేశాడు. 1873లో పుస్తకం వేశాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆయన చేసిన పనే కాస్త తేలిగ్గా మీరూ చేయాలి. అమెరికాలోలా ఈరోజు గాలిలో ఏ పుప్పొడి ఎంత ఉందో రోజూ చెప్పే ఏర్పాటు మన ఊళ్లలో జనానికి అందుబాటులో లేదు. కాబట్టి ఫోన్లో నోట్ పెట్టుకోండి: ఏ టైముకి మొదలైంది, అప్పుడు ఎక్కడున్నారు, వాన పడిందా, ఇల్లు దులిపారా.

మీరు రాసిన రెండు సంగతులు నాకు ఆసక్తిగా అనిపించాయి. ఆఫీసులో ఏసీలో ఉన్నంతసేపు నయంగా ఉంటుంది, జాగింగ్ నుంచి వచ్చాక పెరుగుతుంది అన్నారు. అది బయటి పుప్పొడి లక్షణం. కానీ మంచం దిగకముందే తుమ్ములు మొదలవుతాయని కూడా అన్నారు. అది పరుపులో ఉండే డస్ట్ మైట్స్ పని కావచ్చు. ఇవి కంటికి ఆనవు, కుట్టవు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి, గాలిలో తేమ ఉంటే పెరుగుతాయి. మన అలర్జీల్లో వీటి వాటా చాలా పెద్దది, కాకినాడ, మచిలీపట్నం వైపు తేమకు ఇవి ఏడాదంతా ఉంటాయి. మన దగ్గర ‘సీజనల్’ అని వచ్చేవాళ్లలో చాలామందికి అడుగున మైట్స్ అలర్జీ ఏడాదంతా కొద్దికొద్దిగా ఉండి, దాని మీద పుప్పొడి వచ్చి పడినప్పుడు బయటపడుతుంది. మీదీ అలాంటి కేసే అయ్యుండొచ్చు, అందుకే టెస్టు అవసరం.

ఐజీఈ 900 చూసి టెన్షన్ పడకండి. అది మొత్తం ఐజీఈ. కడుపులో నులిపురుగులున్నా పెరుగుతుంది, ఎగ్జిమా లాంటి చర్మపు అలర్జీ ఉన్నా పెరుగుతుంది, దేని మీద అలర్జీ అన్నది అది చెప్పదు. ఆ అంకె తగ్గించడానికి మందులుండవు, తగ్గిందా లేదా అని నెలనెలా పరీక్ష చేయించుకోవడం దండగ. కావాల్సింది స్కిన్ ప్రిక్ టెస్టు. ముంజేతి మీద ఒక్కో అలర్జీ పదార్థం చుక్క వేసి సూదితో పైపైన గుచ్చుతారు, పదిహేను ఇరవై నిమిషాల్లో దోమ కుట్టినట్టు దద్దు లేస్తే పాజిటివ్. దీనికి వెళ్లే ముందు వారం రోజులు మీరు వేసే లీవోసిట్రిజిన్ ఆపాలి, లేకపోతే ఏదీ లేవదు, డబ్బులూ రోజూ వృథా. స్ప్రే ఆపనక్కర్లేదు. టెస్టు కుదరకపోతే ఒక్కో పదార్థానికి విడిగా ఐజీఈ చూసే రక్త పరీక్ష ఉంది, కాకపోతే ఖరీదు. రిపోర్టులో పాజిటివ్ వచ్చిన ప్రతిదీ మీకు జబ్బు తెస్తుందని కాదు, మీ డైరీతో సరిపోవాలి. ఇక వెంట్రుకలు పంపితే అలర్జీ చెప్తామనేవాళ్లనీ, ఐజీజీ అనే వేరే యాంటీబాడీ పరీక్ష చేసి వంద రకాల తిండి మానేయమనేవాళ్లనీ దూరం పెట్టండి. వంకాయ మానేస్తే వయ్యారిభామ పూయడం ఆగదు.

ఇప్పుడు అసలు విషయం, స్ప్రే. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్, బ్యుడెసోనైడ్, వీటిలో ఏదైనా పర్వాలేదు. ‘స్టెరాయిడ్ కదా డాక్టర్ గారూ’ అని రోజూ ఎవరో ఒకరు భయపడతారు. ఇది మైక్రోగ్రాముల్లో ఉండే మోతాదు, పనంతా ముక్కు పొర మీదే, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. మీకు పనిచేయకపోవడానికి నాకు తోచే కారణాలు రెండు. ఒకటి, మూడు రోజులు కొట్టి ఆపేసి ఉంటారు. దీని పూర్తి ఫలితం రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, తుమ్ము వచ్చినప్పుడు కొట్టుకునేది కాదిది, తుమ్ము రాని రోజు కూడా కొట్టుకోవాల్సిందే.

రెండోది కొట్టే పద్ధతి. మా దగ్గరికి వచ్చేవాళ్లను సీసా తెచ్చి నా ముందే కొట్టమంటాను. చాలామంది తల వెనక్కి వాల్చి, సీసా మూతిని ముక్కు మధ్యకు గురిపెట్టి, నొక్కి, గట్టిగా సర్రున పీలుస్తారు. మందు నేరుగా గొంతులోకి పోతుంది, మిగిలింది మధ్య దూలం మీద పడి అక్కడ పొర ఎండి రక్తం వస్తుంది. ఇలా చేయండి: ముందు మెల్లగా చీదండి. సీసా కదపండి, కొత్తదైతే నురగలా కాకుండా సన్నటి తుంపర వచ్చేదాకా గాలిలో నొక్కండి. తల కొంచెం ముందుకు వంచి మీ కాలివేళ్లు చూడండి. ఎడమ ముక్కుకు కుడిచేతితో, కుడి ముక్కుకు ఎడమచేతితో పట్టుకోండి, అప్పుడు మూతి దానంతటదే బయటివైపుకి, అంటే ఆ పక్క చెవి వైపుకి తిరుగుతుంది. నొక్కుతూ పూల వాసన చూసినంత మెల్లగా పీల్చండి, అంతే. గొంతులో చేదుగానో వింత రుచిగానో తగిలితే ఎక్కువ పీల్చారని లెక్క. తర్వాత పావుగంట చీదకండి. పళ్లు తోముకునే బ్రష్ పక్కన పెట్టుకుంటే మర్చిపోరు. వచ్చే ఏడాది నుంచి సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందే, అంటే మీకు ఆగస్టు మధ్య నుంచే మొదలుపెట్టండి. ఎన్ని పఫ్‌లు, ఎన్ని నెలలు అన్నది చూసిన డాక్టరు చెప్పాలి. ఒక్క స్ప్రేతో లొంగకపోతే హిస్టమిన్‌ని అడ్డుకునే అజెలాస్టిన్ కలిపినవి కూడా ఉన్నాయి.

చుక్కల మందు సంగతి. ఆక్సిమెటజోలిన్, జైలోమెటజోలిన్ అని సీసా మీద ఉంటుంది చూడండి. వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అందుకే అలవాటైపోతుంది. ఐదు రోజులు మించి వాడితే మందు ప్రభావం దిగగానే పొర ముందుకంటే ఎక్కువ ఉబ్బుతుంది, మళ్లీ వేయాలనిపిస్తుంది. మూడు నెలలంటే మీ రాత్రి దిబ్బడలో సగం అలర్జీ కాదు, ఆ సీసానే. స్ప్రే సరిగ్గా మొదలుపెట్టి వారమయ్యాక ఒక పక్క ముక్కులో చుక్కలు ఆపండి, రెండో పక్క మాత్రం వేసుకోండి. ఆపిన పక్క తెరుచుకున్నాక రెండోదీ ఆపండి. మధ్యలో కొన్ని రాత్రులు చిరాగ్గా ఉంటుంది, తల కింద ఇంకో దిండు పెట్టుకోండి, ఉప్పునీళ్లతో ముక్కు కడగండి. సీసా చెత్తబుట్టలో పడేయడం మంచిది, సొరుగులో ఉంటే అర్ధరాత్రి చెయ్యి దానిమీదికే పోతుంది.

ఉప్పునీళ్లంటే జలనేతి లాంటిదే. మూడు చెంచాల అయోడిన్ లేని ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి డబ్బాలో పెట్టుకుని, అందులోంచి ఒక చెంచా తీసి పావు లీటరు కంటే కాస్త తక్కువ గోరువెచ్చటి నీళ్లలో కలపండి. నీళ్లు మాత్రం బాగా మరగబెట్టి చల్లార్చినవే. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, చెరువు నీళ్లు నేరుగా ముక్కులోకి పోయొద్దు, నేగ్లేరియా అనే అమీబా అలా మెదడుకెక్కితే బతకడం కష్టం, కేరళలో ఈమధ్య వచ్చిన కేసులు మీరూ వినే ఉంటారు. ఉప్పునీళ్ల తర్వాత స్ప్రే, ఆ వరసలో.

మాత్రల్లో, రోజూ మాంటెలుకాస్ట్ అవసరమా అన్నది మీ డాక్టరును అడగండి. ఆస్తమా లేనివాళ్లకు దాన్ని ముందు వరసలో వాడే అవసరం లేదు. దానివల్ల కొందరికి పీడకలలు, చికాకు, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో తన అతి గట్టి హెచ్చరికను ఆ మందు సమాచార పత్రంలో పెట్టించింది. ఈమధ్య నిద్ర సరిగ్గా లేదు, ఊరికే కోపం వస్తోంది అని మీరే రాశారు. ముక్కు వల్ల కావచ్చు, మందు వల్ల కూడా కావచ్చు, మీ డాక్టరుకు ఈ మాట చెప్పకుండా ఉండకండి. సాదా అలర్జీ మాత్ర కావాలంటే ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ మత్తు తక్కువవి. ఫెక్సోఫెనడిన్‌ని బత్తాయి, నారింజ, యాపిల్ రసాలతో వేస్తే సరిగ్గా ఒంటబట్టదు, మంచినీళ్లతోనే వేయాలి. బిలాస్టిన్ పరగడుపున. అవిల్, సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్) లాంటి మత్తు తెచ్చే పాతవి వేసి బండి నడపకండి. సిట్రిజిన్, లీవోసిట్రిజిన్ నెలల తరబడి రోజూ వేసి ఒక్కసారిగా ఆపితే కొద్దిమందికి ఒళ్లంతా విపరీతమైన దురద వస్తుందని 2025లో ఎఫ్‌డీఏ చెప్పింది. అలా వస్తే అలర్జీ ముదిరిందనుకోకండి, డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించుకోండి. మెడికల్ షాపులో ‘జలుబుకి’ అంటే ఇచ్చే మాత్రల్లో ఎక్కువగా ఫినైలెఫ్రిన్ ఉంటుంది. నోటితో మింగితే అది ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023లో ఎఫ్‌డీఏ నిపుణుల బృందం ఏకగ్రీవంగా తేల్చింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో సంగతి, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందులు నాలుగేళ్ల లోపు వాళ్లకు వాడొద్దని మన దేశంలోనే 2023లో ఆదేశమిచ్చారు.

బావగారి ఇంజెక్షన్ దగ్గరికి వద్దాం. ఆయన చెప్పేది అబద్ధం కాదు, నిజంగానే వారాల తరబడి హాయిగా ఉంటుంది. అది తుంటిలో వేసే డిపో స్టెరాయిడ్, సాధారణంగా ట్రయామ్సినలోన్. ఒంట్లో వారాల తరబడి ఊరుతూ ఉంటుంది, ఒకసారి వేశాక వెనక్కి తీయలేం. షుగరు పెరుగుతుంది, మన ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అణిగిపోతుంది, ఏటేటా వేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి, తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతిన్న కుర్రాళ్లను చూశాం. తుమ్ముల కోసం తుంటి పోగొట్టుకోవడం ఏం లెక్క? ఊళ్లో తెలిసినాయన పొట్లం కట్టి ఇచ్చే ‘చిన్న తెల్ల మాత్ర’ కూడా చాలాసార్లు డెక్సామెథసోన్ లేదా బీటామెథసోన్ అనే స్టెరాయిడే. పేరు చెప్పకుండా ఇచ్చిన మందు ఒక్క రోజులో అద్భుతంగా పనిచేసిందంటే అనుమానించండి.

ఆపరేషన్ గురించి నేనే చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, స్కాన్ తీస్తే దూలం నిటారుగా ఉన్నవాళ్లు తక్కువ. వంకర ఏడాదంతా ఒకే పక్క ఇబ్బంది పెడుతుంది. మీకు ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా రెండు ముక్కులూ బాగానే ఉంటున్నాయి. ఎముక సంక్రాంతికి నిటారై చవితికి వంకర తిరగదు కదా. స్ప్రే రెండు మూడు నెలలు సరిగ్గా వాడాక కూడా ఒక పక్క మూసుకునే ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. చేసినా గాలి బాగా ఆడుతుంది తప్ప అలర్జీ పోదు.

ఇంట్లో చేయాల్సినవి త్వరగా చెప్పేస్తాను. దుప్పట్లు, గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, మెషిన్లో అరవై డిగ్రీల మీద. పరుపుకీ దిండుకీ జిప్పుండే మైట్ కవర్లు. పాత బూరుగు దూది దిండు సెంటిమెంటు లేకుండా తీసేయండి. ఏసీ ఫిల్టరు రెండు వారాలకోసారి కడగండి. దసరాకో సంక్రాంతికో బూజులు దులిపే పని ఇంకెవరికైనా అప్పజెప్పండి, తప్పకపోతే మాస్కు కట్టుకోండి, తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదు. ఆ నెలల్లో జాగింగ్ జిమ్‌లోకి మార్చండి లేదా ప్లాట్ల దారి మార్చండి. బయటి నుంచి రాగానే తలస్నానం, ఎందుకంటే జుట్టులో పట్టిన పుప్పొడితోనే దిండు మీద పడుకుంటున్నారు. బట్టలు డాబా మీద కాకుండా లోపల ఆరేయండి. మస్కిటో కాయిల్, అగరొత్తి పడకగదిలో వద్దు. అన్నీ ఒకేసారి చేయలేకపోతే పడకగది ఒక్కటి చూసుకోండి, రోజులో మూడోవంతు అక్కడే గడుపుతారు.

పసుపు పాలు, మిరియాల కషాయం తాగండి, గొంతుకి హాయి, నష్టం లేదు. ఊరి తేనె తింటే పుప్పొడి అలవాటవుతుందనేది నిలబడదు, తేనెటీగలు తెచ్చేది పురుగులు వాలే పూల పుప్పొడి. ఆవిరి పట్టుకుంటే కాసేపు తేలిగ్గా ఉంటుంది, చిన్నపిల్లలకు మాత్రం వేడినీళ్ల గిన్నె ముందు పెట్టకండి, ఒలికి కాలిన కేసులు ప్రతి చలికాలం వస్తాయి. మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప మందు వేయించుకోమని మీ అమ్మగారు అంటున్నారు. నమ్మకం ఆవిడది, నేను వాదించను, అయితే అది పనిచేస్తుందనడానికి రుజువు లేదు, దాని పేరు చెప్పి స్ప్రేగానీ ఇన్‌హేలర్‌గానీ ఆపకండి.

ఒక ప్రశ్న మీరు అడగలేదు, నేనే అడుగుతున్నాను. రాత్రి దగ్గుతో లేస్తున్నారా? మెట్లెక్కితే, నవ్వితే ఛాతీలో పిల్లికూతలు వస్తున్నాయా? ముక్కు, ఊపిరితిత్తులు ఒకే గాలిదారి, ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో చాలామందికి ఆస్తమా కూడా ఉంటుంది, చెప్పరు. అవును అన్నది సమాధానమైతే ఊపిరి పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, ముందు చేయించుకోండి. ముక్కు కారడం ఒకే పక్క ఉండి రక్తమో దుర్వాసనో ఉంటే, లేదా వంగినప్పుడల్లా ఒకే పక్క నుంచి నీళ్లలా చుక్కలు పడుతుంటే, ఇప్పటిదాకా చెప్పిందంతా పక్కన పెట్టి ఈఎన్‌టీకి చూపించుకోండి, అది అలర్జీ కాదు.

ఇవన్నీ చేసినా రెండు సీజన్లు లొంగకపోతే ఇమ్యునోథెరపీ ఉంది. మీకు పడని పదార్థాన్నే అతి కొద్ది మోతాదులో మొదలుపెట్టి పెంచుతూ, ఇంజెక్షన్లుగానో నాలుక కింద చుక్కలుగానో మూడు నుంచి ఐదేళ్లు ఇస్తారు. లండన్‌లో 1911లో మొదలైన పద్ధతి ఇది. మందులన్నీ లక్షణాలు అణిచేవైతే, జబ్బు స్వభావాన్నే మార్చేది ఇదొక్కటే. కానీ టెస్టుకీ డైరీకీ సరిపోయిన ఒకటి రెండు పదార్థాలకే ఇవ్వాలి. ఇరవై రకాలు కలిపి ఒకే సీసాలో ఇస్తామంటే లేచి వచ్చేయండి. ఇంజెక్షన్ వేశాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోబెట్టాలి, అరుదుగా తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. మీరు దేశం మారుతున్నారు కాబట్టి ఇక్కడ మొదలుపెట్టకపోవడమే మేలు.

డాలస్ వెళ్తే పోతుందా? మొదటి ఏడాది పోయినట్టే ఉండొచ్చు. అక్కడి చెట్ల పుప్పొడికి మీ ఒళ్లు అలవాటు పడి ఐజీఈ తయారు చేయడానికి సాధారణంగా ఒకటి రెండు సీజన్లు పడుతుంది. కాకపోతే మీకు వయ్యారిభామ పాజిటివ్ వస్తే ఒక చిక్కుంది. అక్కడ ఆగస్టు మధ్య నుంచి మంచు పడేదాకా రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పూస్తుంది. అదీ వయ్యారిభామ వంశమే, ఒకదానికి తయారైన ఐజీఈ రెండోదాన్నీ పట్టుకుంటుంది, కాబట్టి మొదటి సెప్టెంబరులోనే తుమ్ములు మొదలైనా ఆశ్చర్యపోకండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా టెక్సస్‌లో మౌంటెన్ సీడర్, మార్చి, ఏప్రిల్‌లో ఓక్ పుప్పొడి, కార్ల మీద పసుప్పచ్చగా పేరుకుంటుంది. మంచి ఏమిటంటే అక్కడ రోజూ పుప్పొడి లెక్క చెప్తారు, ఫ్లూటికాసోన్ స్ప్రే ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతుంది. పేరు చివర ‘డి’ ఉన్న అలర్జీ మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, ఐడీ చూపిస్తేనే ఇస్తారు, బీపీ ఉన్నవాళ్లు దానికి దూరంగా ఉండాలి. ఇక్కడ టెస్టు చేయించుకుంటే రిపోర్టు ఫోన్లో దాచుకోండి, అక్కడి అలర్జీ డాక్టరు వాళ్ల చెట్లతో మళ్లీ చేస్తారు, వయ్యారిభామ సంగతి మాత్రం మీరే చెప్పాలి, అది వాళ్ల లిస్టులో ఉండకపోవచ్చు.